కడప అనగానే బాంబులేనా? తమ్ముడికి ఏం చెప్పమంటారు?

మాది కడప. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది, ఊరి పేరు చెప్పగానే ‘మీ ఇంట్లో బాంబులుంటాయా, సుమోల్లో తిరుగుతారా’ అని తోటివాళ్లు అడుగుతున్నారట. ఫ్యాక్షన్ గొడవలు అసలు జరగలేదని నేను అనను, కానీ సినిమాల్లో చూసిందే మా జిల్లా అంతా అనుకుంటే ఎలా? అన్నమయ్య పుట్టిన తాళ్లపాక మా వైపే, బ్రౌన్ దొర పండితులను పెట్టి తెలుగు కావ్యాలకు ప్రతులు రాయించిందీ కడపలోనే. మొన్న ఫోన్లో ‘యాడికి’ అనబోయి ఆగి ‘ఎక్కడికి’ అన్నాడు. నాతో, సొంత అక్కతో! అప్పటినుంచి మనసు మనసులో లేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, సరదాకే అంటారు అంటాడు. స్నేహం చెడకుండా ఇది ఆగాలంటే వాడు వాళ్లతో ఏమనాలి? ఇలాంటి మాటలు పడ్డవాళ్లుంటే మీరేం చేశారో కాస్త చెప్పండి.