షాపువాళ్ళతో లినక్స్ పీసీలు అమ్మించడం ఎలా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ పీసీలు అమ్మేవాళ్ళని విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేసి కూడా అమ్మమంటే "ఎవరడుగుతారు సార్" అంటారు. ఎలా ఒప్పించాలి?

జవాబు 1: సిద్ధాంతాలు వద్దండీ, వాళ్ళకి కావలసింది సరుకు కదలడం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు సపోర్ట్ అయిపోయింది. ఇంటెల్ ఆరో జనరేషన్, అంతకన్నా పాత ప్రాసెసర్లు విండోస్ 11 సపోర్ట్ చేసే జాబితాలోనే లేవు. ఆ స్టాక్‌తో మొదలెట్టమనండి. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే మింట్ హాయిగా నడుస్తుంది.

జవాబు 2: మింట్ పెన్‌డ్రైవ్ బూట్ మెనూలో "ఓఈఎం ఇన్‌స్టాల్" (పీసీ తయారుచేసి అమ్మేవాళ్ళ కోసం ఉన్నది) ఎంచుకోమనండి. అప్‌డేట్లు వేశాక డెస్క్‌టాప్ మీది షిప్పింగ్ ఐకాన్ నొక్కి షట్‌డౌన్ చేయాలి. కొన్నవాళ్ళు ఆన్ చేయగానే పేరు, పాస్‌వర్డ్ వాళ్ళే పెట్టుకుంటారు. మామూలు ఇన్‌స్టాల్ చేస్తే షాపువాడి పాస్‌వర్డే అందరికీ, ఇక రోజూ ఫోన్లే.

జవాబు 3: ఎవరికి అమ్మకూడదో కూడా చెప్పండి. ట్యాలీ వాడేవాళ్ళకి, అనూ ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్ళకి అంటగడితే, అవి విండోస్ కోసం చేసినవి కాబట్టి, మర్నాడే వాపసు. ప్రింటర్ ఏదో ముందే అడగాలి. హెచ్‌పీవి చాలామటుకు హెచ్‌పీలిప్ అనే లినక్స్ డ్రైవర్‌తో పనిచేస్తాయి, కెనాన్ ఎల్‌బీపీ 2900 మాత్రం తలనొప్పి.