స్కాన్ అయ్యాక పాత పుస్తకం ఉంచాలా, తీసేయాలా?

గోదారి చదువరి:
మా ఊరి దగ్గర ఒక గ్రంథాలయంలో పోయిన వేసవిలో పాత పుస్తకాలు కిలోల లెక్కన అమ్మేశారు. అడిగితే, "అవన్నీ స్కాన్ అయిపోయాయి, నెట్‌లో ఉన్నాయి కదా" అన్నారు. స్కాన్ అయిన తెలుగు పుస్తకాన్ని ఉంచుకోవాలా, అక్కర్లేదా? ఉంచాలనే నేనంటాను.

మా తాతయ్య దగ్గర చిన్న శతకం ఒకటి ఉండేది. ముఖపత్రం మీద ఇంగ్లీషు సంవత్సరం లేదు, 'శుభకృత్' అని మాత్రం ఉంది. అదే పుస్తకం నెట్‌లో దొరికింది. అక్కడి వివరాల్లో 1902 అని వేశారు. శుభకృత్ 60 ఏళ్లకోసారి వస్తుంది: 1902, 1962, మొన్న 2022. మా ప్రతి వెనక అట్ట మీద వెల 40 న.పై. అని ఉంది. నయా పైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి, 1964లో 'నయా' అనే మాట తీసేశారు. కాబట్టి ఇది 1962 పుస్తకమే. స్కాన్ చేసినవాళ్లు అట్టలు వదిలేశారు, దాంతో అరవై ఏళ్ల తేడా వచ్చింది.

డల్లాస్ తెలుగు:
మీ బాధ అర్థమైంది కానీ, చదువరి గారూ, ఇక్కడ ఉండే మాలాంటివాళ్లకు ఆ స్కాన్లే దిక్కు. వేటపాలెం సారస్వత నికేతనానికో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికో నేను ఎన్నిసార్లు రాగలను? మీరు చెప్పింది స్కాన్ చేసిన తీరులో లోపం. అట్టలతో సహా మళ్లీ స్కాన్ చేస్తే సరిపోతుంది. కన్యాశుల్కమే చూడండి. 1897లో వచ్చిన నాటకాన్ని గురజాడ దాదాపు తిరగరాసి 1909లో రెండో కూర్పు వేశారు. రెండింటినీ తెరమీద పక్కపక్కన పెట్టుకుని చదువుకోవచ్చు. దానికి కాగితం ఎందుకు?

పాత కంపోజిటర్:
చదువరి బాబూ, నలభై ఏళ్లు ప్రెస్సులో పనిచేసినవాణ్ణి, ఒక మాట అడుగుతాను. ఆ వెల అట్ట మీద కదా ఉంది? అమ్ముడుపోని ఫారాలు, అంటే అచ్చేసి పేజీలుగా మడిచిన పెద్ద కాగితాలు, గోడౌన్‌లో ఏళ్ల తరబడి ఉండేవి. వాటికి కొత్త అట్ట వేసి, కొత్త వెల పెట్టి అమ్మేవాళ్లు. అట్ట 1962దైనా లోపలి కాగితం అంతకు ముందుది కావచ్చు. కుట్టు విప్పనక్కర్లేదు, మధ్య మడత దగ్గర తెరిచి చూడు. అట్ట ఒక్కటే విడి కాగితమా? లోపలి ఆకుల్లో ఎక్కడైనా వెల కనిపిస్తోందా?

ఇంకో సంగతి. మనవాళ్లు అన్నిటికీ 'ముద్రణ' అని రాసేస్తారు. అవే పేజీలు మళ్లీ అచ్చేస్తే ముద్రణ, విషయం మార్చి వేస్తే కూర్పు. గ్రంథసూచి, అంటే పుస్తకాల వివరాల పట్టిక, రాసేవాళ్లు ఈ రెండూ కలిపేస్తే చదివేవాడు మోసపోతాడు.

శాఖా గ్రంథపాలకురాలు:
నేను మాట్లాడక తప్పదు. మా శాఖా గ్రంథాలయం రెండు గదులు. వానాకాలం వస్తే ఒక గది కారుతుంది. కలప గుజ్జు కాగితం పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతోంది, చెదలు వేరే. రోజూ వచ్చే పిల్లలు అడిగేది పోటీ పరీక్షల పుస్తకాలు. ఏడాదికోసారి జాబితా చూసి పాతవి తీసేయమంటారు. పుస్తకం మీద ప్రేమ లేక తీసేస్తామనుకోకండి. అన్నీ ఉంచమని చెప్పడం తేలిక, ఎక్కడ ఉంచాలో కూడా చెప్పండి.

గోదారి చదువరి:
పెద్దాయన అడిగినట్టే నిన్న రాత్రి చూశాను. చివరి పద్యం తర్వాతి పేజీలో అదే ప్రచురణకర్తల ఇతర పుస్తకాల ప్రకటన ఉంది, అక్కడ కూడా వెలలు నయా పైసల్లోనే. ఆ ప్రకటన ఉన్న ఆకూ, నడిమి పద్యాలున్న మరో ఆకూ ఒకే కాగితం, మధ్యలో మడత, మడతలో దారం. అంటే ప్రకటన తర్వాత అంటించింది కాదు, పద్యాలతో పాటే అచ్చయింది. నెట్‌లోని స్కాన్ 'సంపూర్ణము' దగ్గరే ఆగిపోయింది. ఆ పేజీని కూడా స్కాన్ చేసి ఉంటే వెల కనిపించేదేమో కానీ, మడత కనిపించదు కదా, డల్లాస్ గారూ.

డల్లాస్ తెలుగు:
ఇది నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. ఇంగ్లండులో థామస్ జె. వైజ్ ఉదంతం గుర్తొచ్చింది. ఆయన పేరున్న గ్రంథసూచి కర్త. కవయిత్రి ఎలిజబెత్ బ్రౌనింగ్ సానెట్ల (పద్నాలుగు పాదాల పద్యాల) చిన్న పుస్తకం ఒకటి 1847లో అచ్చయిన అరుదైన ప్రతి అని చలామణిలోకి వచ్చింది. 1934లో కార్టర్, పొలార్డ్ అనే ఇద్దరు పుస్తక వ్యాపారులు కాగితాన్ని పరీక్షించి, అలాంటి కలప గుజ్జు కాగితం 1847లో లేదని తేల్చారు. అలాంటివి చాలానే బయటపడ్డాయి, అన్నిటి వెనకా వైజ్ ఉన్నాడు. ఫొటోలు మాత్రమే మిగిలి ఉంటే ఆ మోసానికి కాగితం సాక్ష్యం దొరికేది కాదు. అయినా మేడం గారి ప్రశ్న అలాగే ఉంది. ప్రతి ఊళ్లో అన్ని ప్రతులూ ఉంచలేం.

పాత కంపోజిటర్:
ఉంచలేం, నిజమే. ప్రెస్సులు, పుస్తకాల నమోదుకు తెచ్చిన 1867 చట్టం కింద మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి అచ్చయిన పుస్తకాల పట్టిక వేసేది. పేరు, ప్రెస్సు, సైజు, పేజీలు, ఎన్ని ప్రతులు, వెల, అన్నీ ఉండేవి. తెల్లదొరల గుమాస్తాలు రాసినపాటి వివరం కూడా ఇవాళ మనం నెట్‌లో రాయడం లేదు. అమ్మా, ఒక్కో పుస్తకానికి అయిదు నిమిషాలు చాలు. స్కేలు పెట్టి పొడవు వెడల్పు, ఫారాల లెక్క, అట్ట మీది వెల, చివర తప్పొప్పుల పట్టిక ఉందో లేదో, ఇవి రాసుకోండి. రాశాక జిల్లాలో ఇంకెక్కడా లేదని తేలినది మాత్రం అమ్మకండి. మిగతాది మీ ఇష్టం.

శాఖా గ్రంథపాలకురాలు:
ఈసారి తీసివేత జాబితాలో 212 పుస్తకాలున్నాయి. సంతకం ఇంకా పెట్టలేదు. ఫారాలు లెక్కపెట్టడం నాకు రాదండీ, ఎవరైనా వచ్చి నేర్పితే రెండు ఆదివారాలు తలుపు తెరిచి ఉంచుతాను.

గోదారి చదువరి:
నేను వస్తాను మేడం. పెద్దాయనను కూడా బండి మీద తీసుకొస్తాను.