ఎల్ ఆగ్వా ఫ్రియా: నీళ్లు ఆడా, మగా?

ప్రశ్న: మూడు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. ముందు ‘ఎల్’ ఉంటే పుంలింగం, ‘లా’ ఉంటే స్త్రీలింగం అని మొదటి పాఠంలోనే చెప్పారు. నీళ్లేమో ‘ఎల్ ఆగ్వా’. మగే కదా అని చల్లని నీళ్లకు ‘ఎల్ ఆగ్వా ఫ్రియో’ అని రాశా. తప్పట! ‘ఫ్రియా’ అనాలట. ముందు మగ, వెనక ఆడ. ఇదేం పద్ధతండీ?

– ఆగ్వా నిఖార్సైన స్త్రీలింగమేనండీ. బహువచనం చేసి చూడండి, ‘లాస్ ఆగ్వాస్’ అని బయటపడిపోతుంది. తికమకంతా ఆ ‘ఎల్’తోనే. అది మీరనుకునే మగ ‘ఎల్’ కాదు. లాటిన్‌లో స్త్రీలింగానికి వాడే ‘ఇల్లా’ పాత స్పానిష్‌లో ‘ఎలా’ అయింది. హల్లు ముందు దాని తల తెగి ‘లా’ మిగిలింది. అచ్చు ముందు తోక తెగి ‘ఎల్’ మిగిలింది. మేన + అత్త = మేనత్త అయినట్టే, ఎలా + ఆగ్వా = ఎలాగ్వా. తర్వాత విడదీసి రాసేసరికి మగ వేషం వచ్చిపడింది, అంతే.

ఒకప్పుడు వేరే అచ్చుల ముందు కూడా ఇలా వచ్చేది. ఇప్పుడు మాటలో మొదటి ‘ఆ’ను నొక్కి పలికితేనే. గద్ద ‘ఎల్ ఆగిలా’, స్నేహితురాలు మాత్రం ‘లా అమీగా’. అక్కడ నొక్కు ‘మీ’ మీద పడుతుంది. మధ్యలో ఇంకో మాట దూరినా ‘లా’ తిరిగొచ్చేస్తుంది: ‘లా మిస్మా ఆగ్వా’, అవే నీళ్లు. ‘ఈ నీళ్లు’ అనాలంటే ‘ఎస్తా ఆగ్వా’. స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లలోనూ మగ రూపం వాడి ‘ఎస్తే ఆగ్వా’ అనేవాళ్లు బోలెడుమంది, కాబట్టి మీరేం టెన్షన్ పడకండి.

– (మధ్యలో ఇంకొకరు) ఈ గోలంతా లేని మన తెలుగే నయం.

– ఎవరికి నయం? ‘అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది’ అంటాం. ఇద్దరైతే ‘అమ్మాయిలు వచ్చారు’, బస్సులేమో ‘వచ్చాయి’. ఒక్కతే ఉంటే బస్సు జట్టు, తోడు దొరికితే అబ్బాయిల జట్టు. మాడ్రిడ్ నుంచి వచ్చినవాడికి ఇది చెప్పి చూడండి!

– ప్రశ్న అడిగింది నేనే. ఆకలికి కూడా ‘ఎల్ ఆంబ్రే’ అంటారు కదా. అంటే బాగా ఆకలేస్తోందని చెప్పడానికి ‘తెంగో మూచో ఆంబ్రే’ అని ఇన్నాళ్లూ అన్నది తప్పేనా?

– తప్పే. ‘మూచా ఆంబ్రే’ అనాలి. అయినా అన్నం పెట్టే ఉంటారు లెండి.