8వ నంబరు అల్లిక సూది 4 మి.మీ.నా, 5 మి.మీ.నా?

ఊలుబంతి:
అమెరికన్ ప్యాటర్న్‌లో "8వ నంబరు సూదులు, 10 సెం.మీ.కి 18 కుట్లు" అని ఉంది. ఇంట్లో ఉన్న పాత అల్యూమినియం సూదుల మీద కూడా 8 అనే ఉంది. ఊలు వాళ్లు చెప్పిన మందమే. అయినా శాంపిల్‌లో 21 కుట్లు పడుతున్నాయి. నా చెయ్యి బిగువా, సూదిలోనే తేడానా? అంచుకి జి-6 క్రోషే హుక్ అన్నారు, అదెంతో కూడా చెప్పండి.

కొలతబద్ద:
చేతిది కాదండీ, సూదిదే. మన పాత సూదుల మీద ఉండేది బ్రిటిష్ నంబరు. అందులో 8 అంటే 4 మి.మీ. అమెరికా 8 అంటే 5 మి.మీ. బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 6 అంటే 5 మి.మీ., 10 అంటే 3.25, 12 అంటే 2.75. అమెరికా లెక్కలో పెరిగేకొద్దీ లావవుతుంది. ఎదురెదురుగా వచ్చే ఈ రెండూ 7 దగ్గర మాత్రం కలుస్తాయి, రెండు చోట్లా 4.5 మి.మీ. మీరు వాడాల్సింది పాత 6.

మూడు కుట్లే కదా అనుకోవద్దు. 100 సెం.మీ. ఛాతీకి 180 కుట్లు ఎక్కిస్తాం. 10 సెం.మీ.కి 21 చొప్పున పడితే అవే 180 కుట్లు 86 సెం.మీ. దగ్గర ఆగిపోతాయి. అది తొడుక్కోవడానికి రాదు.

నంబరు చెరిగిపోయిన సూదిని దూర్చి కొలిచే చిల్లుల గేజీ లేకపోతే, సూది చుట్టూ కుట్టు దారం పక్కపక్కనే 10 చుట్లు బిగించి చుట్టి, విప్పి కొలవండి. 4 మి.మీ. సూదికి సుమారు 13 సెం.మీ., 5 మి.మీ. సూదికి 16 పైచిలుకు వస్తుంది. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే లెక్క చెడుతుంది.

లేసుపోగు:
జి-6 అంటే 4 మి.మీ. హెచ్-8 అయితే 5. అక్షరం కన్నా పక్కనున్న మి.మీ. అంకెనే నమ్మండి. హుక్‌ని కొలిచేటప్పుడు కొక్కెం తలనీ, దాని కింద సన్నటి మెడనీ వదిలేసి, బొటనవేలు ఆనే చోటికి పైన ఉన్న గుండ్రటి కాడని కొలవాలి. కుట్టు సైజు కుదిరేది అక్కడే. మెడ దగ్గరే లూపు తీసేస్తుంటే ఎంత లావు హుక్ పట్టినా పని బిగుసుకుపోతుంది.

నరసాపురం లేసులాంటి సన్నదారం పనికి వాడే స్టీలు హుక్కుల్లో అమెరికా నంబరు కూడా తిరగబడుతుంది, 14 అన్నిటికన్నా సన్నం. ఇంకో తిరకాసు: అమెరికా సింగిల్ క్రోషేని బ్రిటిష్ ప్యాటర్న్‌లు డబుల్ అంటాయి. మీది అమెరికన్ కాబట్టి అంచుకి సింగిల్ అని ఉంటే పొట్టి కుట్టే.

ఊలుబంతి:
థాంక్సండీ. పాత 6తో అల్లితే 17 వస్తున్నాయి ఇప్పుడు!

కొలతబద్ద:
ఎన్ని కుట్లు ఎక్కించారు? సరిగ్గా 18 ఎక్కించి అంచు నుంచి అంచుకి కొలిస్తే ముడుచుకున్న అంచులు మోసం చేస్తాయి. 30 ఎక్కించి, 12 సెం.మీ. ఎత్తు అల్లి, తడిపి, లాగకుండా పరిచి ఆరబెట్టి, నడుమ 10 సెం.మీ.లో లెక్కపెట్టండి. అప్పటికీ 17 వస్తే 7వ నంబరుకి దిగండి.