వీ60 కాఫీ పుల్లగా వస్తోంది, తేడా నీళ్లలోనేనా?

మాది అమలాపురం. ఇంట్లో ఫిల్టర్ డికాక్షన్ బాగానే కుదురుతుంది, గొడవంతా వీ60తోనే, అదే కాగితం ఫిల్టర్ పెట్టి పైనుంచి వేడినీళ్లు పోసే గరాటుతో. చికోరీ కలపని అరకు గింజలు, మీడియం రోస్ట్, చేతి గ్రైండర్‌లో అప్పటికప్పుడు ఆడిస్తాను. 15 గ్రాముల పొడికి 240 మి.లీ. నీళ్లు, 93 డిగ్రీలు. ముందు 45 మి.లీ. పోసి 40 సెకన్లు ఆగుతాను. పొడి బాగానే పొంగుతుంది, బుడగలూ వస్తాయి. మొత్తం మూడు నిమిషాల్లో దిగిపోతుంది. అయినా కాఫీ పల్చగా, నాలుక అంచులు జివ్వుమనేంత పుల్లగా ఉంటోంది.

పొడి ఇంకా సన్నగా ఆడించి చూశాను. దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది, పులుపు పోలేదు సరికదా చేదు తోడైంది. 96 డిగ్రీలకు పెంచినా అంతే. గింజలు మార్చినా అంతే.

వాడేది ఆర్‌ఓ నీళ్లు, మీటర్‌లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 28. కుళాయి నీళ్లతో (టీడీఎస్ 210) పెడితే పులుపు పోతోంది గానీ రుచి చప్పబడి, తాగాక నోట్లో సుద్దలా ఉంటోంది. మా బోరు నీళ్లు ఉప్పన, వాటి జోలికే పోలేదు. పాలు, పంచదార వేసుకుని తాగేయమని అమ్మ సలహా. దానికి వీ60 ఎందుకు!

మన డెల్టాలో ఇలా కాఫీ చేసుకునేవాళ్లు ఆర్‌ఓ నీళ్లలో కుళాయి నీళ్లు ఏ పాళ్లలో కలుపుతున్నారు?