పొలంలో అడవి పెంచితే ఎవరైనా డబ్బులిస్తారా?

గుంటూరు నుంచి. కొండవీడు కొండల పక్కన మా నాన్నగారిది మూడెకరాల రాతి చెలక ఉంది, పత్తి వేసి విసిగిపోయాం, సుబాబుల్ వేస్తే రేటు ఎప్పుడు పడిపోతుందో తెలియని టెన్షన్. వదిలేస్తే వేప, తుమ్మ, సీతాఫలం వాటంతటవే లేస్తున్నాయి. అలా ఉంచినందుకు డబ్బులిచ్చే పద్ధతి ఎక్కడైనా ఉందా?

జవాబు: ఉందండీ, మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో. 1996లో అటవీ చట్టం తెచ్చారు, 1997 నుంచి భూమి సొంతదారులకు హెక్టారుకు ఏటా ఇంత అని ఇస్తున్నారు. ఉన్న అడవిని కాపాడినా ఇస్తారు, కొత్తగా మొక్కలు నాటినా ఇస్తారు. డబ్బు ఎక్కువగా పెట్రోలు, డీజిలు మీద పన్ను నుంచి వస్తుంది. గాలిలోని కార్బన్ పీల్చుకోవడం, నీళ్లు కాపాడటం, జీవవైవిధ్యం, ప్రకృతి అందం, అడవి చేసే ఈ నాలుగు సేవలకీ అది ప్రతిఫలం అన్నమాట. అయితే అదే చట్టం అడవిని నరికి పొలం చేయడాన్ని కూడా నిషేధించింది, కాబట్టి అక్కడ అడవి తిరిగి పెరిగిందంటే అది డబ్బు ఒక్కదాని వల్లే అనలేం.

ఇంకో జవాబు: మనకు 2023లో గ్రీన్ క్రెడిట్ (మొక్కలు నాటితే క్రెడిట్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం) వచ్చింది కదా అంటారు. చూశాను, మొక్కలు నాటేది అటవీ శాఖ చేతిలోని పాడుబడిన భూముల్లో, మీ చెలకలో కాదు.

విజయవాడ నుంచి: అన్నా, ముందు చుట్టూ కంచె వేయి. మేకలు ఆగితే సగం పని అయినట్టే. మా బావ సీతాఫలాలు అమ్మి కంచె ఖర్చు రాబట్టాడు.

అడిగినవాణ్ణి: మేకలు మా బాబాయివే, అదే చిక్కు.