మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఏది? 1951 అనే జవాబు నేను ఒప్పుకోను

పాతరికార్డులు:
పక్క చర్చలో ఒకాయన "రాక్ అండ్ రోల్ 1951 మార్చిలో మెంఫిస్‌లో పుట్టింది, 'రాకెట్ 88' మొదటి రికార్డు, ఇందులో వాదించడానికేం లేదు" అని తేల్చేశారు. ఇంకొకరు వచ్చి కాదు, 1954లో ఎల్విస్ ప్రెస్లీతో పుట్టింది అన్నారు. వాదించడానికి చాలా ఉంది కాబట్టి విడిగా మొదలుపెడుతున్నాను. నా మాట ఏమిటంటే, 1947-49 మధ్యకే ఈ సంగీతం అమెరికాలో నల్లజాతివాళ్ల బార్లలో, డాన్స్ హాళ్లలో పూర్తిగా తయారై ఉంది. 1951, 54, 55 అన్నీ తెల్లవాళ్ల మార్కెట్ దాన్ని పట్టించుకున్న తేదీలు. వాటిని పుట్టినరోజులుగా రాసుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఫజ్‌టోన్:
ఆ ఒకాయన నేనేనండీ. 'రాకెట్ 88' పేరు ఊరికే చెప్పలేదు. బ్యాండ్ మిసిసిపీ నుంచి మెంఫిస్‌కి వస్తుంటే దారిలో గిటారిస్టు విల్లీ కిజార్ట్ ఆంప్లిఫయర్ దెబ్బతింది. కారు మీంచి పడిందని కొందరు, వానకి తడిసిందని కొందరు చెప్తారు. మెంఫిస్‌లో స్టూడియో నడిపే సామ్ ఫిలిప్స్ దాన్ని పక్కన పడేయకుండా పాడైన స్పీకర్‌లో కాగితం కుక్కి అలాగే రికార్డ్ చేశాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, కింద గిటార్ బరబరమంటూ ఉంటుంది, ఇప్పటి రాక్ గిటార్‌కి ఆ మోతే మూలం. పాటేమో ఓల్డ్స్‌మొబైల్ 88 అనే కారు గురించి. కారు, వేగం, కుర్రతనం, పగిలిన గిటార్... ఇంకేం కావాలి? ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్, అంటే అప్పటి నల్లజాతివాళ్ల పాటలు) చార్టులో నంబర్ వన్ కూడా అయింది.

పాతరికార్డులు:
ఫజ్‌టోన్ గారూ, ఆ గిటార్ మోత నాకూ ప్రాణం. కానీ స్పీకర్ పాడవడం ఒక అదృష్టం, దాని కింద నడుస్తున్న పాట మాత్రం కొత్తది కాదు. జిమ్మీ లిగిన్స్ 'క్యాడిలాక్ బూగీ' అప్పటికే ఉంది, దాన్నుంచే తీసుకున్నామని పాడిన జాకీ బ్రెన్‌స్టన్ తర్వాత దాచకుండా చెప్పాడు. ఆ బ్యాండ్ నడిపిన ఐక్ టర్నర్ కూడా అది ఆర్ అండ్ బీనే, రాక్ అండ్ రోల్ రావడానికి కారణమైంది అన్నాడు తప్ప అదే రాక్ అండ్ రోల్ అనలేదు. ఇంకో సంగతి, ఆ రికార్డు లేబుల్ మీద ఏం రాసుందో చూశారా? జాకీ బ్రెన్‌స్టన్ అండ్ హిజ్ డెల్టా క్యాట్స్. అలాంటి బ్యాండే లేదు. వాయించింది ఐక్ టర్నర్ కింగ్స్ ఆఫ్ రిథమ్, బ్రెన్‌స్టన్ అందులో సాక్సోఫోన్ కుర్రాడు.

ఇప్పుడు నా రికార్డు సంగతి. 'గుడ్ రాకిన్ టునైట్' పాట రాసింది రాయ్ బ్రౌన్, 1947లో న్యూ ఆర్లీన్స్‌లో తనే పాడి రికార్డ్ చేశాడు. అది బాగానే ఉంటుంది, కొంచెం సాఫీగా, జారుడుగా పోతుంది. అదే ఏడాది డిసెంబర్‌లో వైనోనీ హారిస్ కింగ్ అనే రికార్డు కంపెనీకి అదే పాట పాడాడు. రెండూ వరసగా వినండి. హారిస్ దాంట్లో ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టుకుంటూ పోతే రెండు మీదా నాలుగు మీదా చప్పట్లు పడుతుంటాయి, చర్చిలో పాటకి జనం కొట్టినట్టు. గొంతు కూడా పాడుతున్నట్టు కాదు, అరిచి పిలుస్తున్నట్టు ఉంటుంది. పాట అదే, మాటలు దాదాపు అవే, కానీ ఒకటి పాత లోకం, ఇంకోటి కొత్త లోకం. 1948లో అది ఆర్ అండ్ బీ నంబర్ వన్ (అప్పటికి ఆ చార్టుని ఇంకా 'రేస్' రికార్డులనే పిలిచేవాళ్లు, పేరు మార్చింది 1949లో). 1954లో ఎల్విస్ పాడింది కూడా ఇదే పాట.

ఆ దెబ్బ చప్పట్లలోంచి డ్రమ్స్‌లోకి దిగింది 1949 డిసెంబర్‌లో, ఫ్యాట్స్ డామినో 'ద ఫ్యాట్ మ్యాన్'లో. డ్రమ్స్ వాయించిన ఎర్ల్ పామర్ చెప్పిన వివరం నాకు చాలా ముఖ్యం: డిక్సీల్యాండ్ అనే పాతకాలం జాజ్‌లో ఆ బ్యాక్‌బీట్ (రెండు మీదా నాలుగు మీదా పడే ఆ దెబ్బ) చివరి కోరస్‌లో, ఊపు పతాక స్థాయికి వచ్చాకే కొట్టేవాళ్లట, ఈ పాటకి మొదట్నుంచీ చివరిదాకా కావాల్సి వచ్చిందట. అంటే ఒకప్పుడు పాట చివర్లో రెండు నిమిషాలు కూడా దక్కని ఊపు ఇప్పుడు పాటంతా. రాయ్ బ్రౌన్ పాట, 'ఫ్యాట్ మ్యాన్', 1955లో లిటిల్ రిచర్డ్ 'టుట్టీ ఫ్రూట్టీ', మూడూ రికార్డయింది న్యూ ఆర్లీన్స్‌లో కాసిమో మటాసా కొట్టు వెనక గదిలోనే. మెంఫిస్ కంటే ఆ గదికి హక్కు ఎక్కువ. తను పదిహేనేళ్లుగా న్యూ ఆర్లీన్స్‌లో వాయిస్తున్న దాన్నే ఇప్పుడు రాక్ అండ్ రోల్ అంటున్నారని ఫ్యాట్స్ డామినో ఆ రోజుల్లోనే చెప్పాడు.

హిల్‌బిల్లీ_పక్షం:
అన్నా, మరి కంట్రీ (అమెరికా పల్లెల్లో తెల్లవాళ్ల సంగీతం) వాళ్లని పూర్తిగా వదిలేశారే? చక్ బెర్రీ 'మేబెలీన్' ఎక్కడిది? 'ఐడా రెడ్' అనే ఫిడేలు పాట, బాబ్ విల్స్ 1938లో రికార్డ్ చేశాడు. మీరు పొగిడే అదే కింగ్ కంపెనీలో దాని యజమాని సిడ్ నేథన్ కంట్రీ పాటల్ని ఆర్ అండ్ బీ వాళ్లతో పాడించేవాడు. మీ వైనోనీ హారిస్ 'బ్లడ్‌షాట్ ఐస్' హ్యాంక్ పెన్నీ అనే కంట్రీ గాయకుడి పాట. 'రాక్ అరౌండ్ ద క్లాక్' పాడిన బిల్ హేలీ కూడా కంట్రీ నుంచి వచ్చినవాడే. సగం వంశం కంట్రీ.

పాతరికార్డులు:
'ఐడా రెడ్' సంగతి నిజం, దాన్ని కాదనను. పాటల కథలూ, కార్లూ, గిటార్ నడకా అటునుంచి చాలా వచ్చాయి. కానీ 1947లో హారిస్ పాడుతున్నప్పుడు అందులో కంట్రీ ఎక్కడుంది? అది తర్వాత వచ్చి కలిసిన పాయ. హేలీ పేరు ఎత్తారు కాబట్టి, 1954 ఏప్రిల్‌లో డెక్కా కంపెనీకి 'రాక్ అరౌండ్ ద క్లాక్' చేయించిన నిర్మాత మిల్ట్ గేబ్లర్ అంతకుముందు నల్లజాతి ఆర్ అండ్ బీ గాయకుడు లూయీ జోర్డన్ రికార్డులు చేసినవాడే, జోర్డన్ బ్యాండ్ వాయించే రిఫ్‌లు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసలు) హేలీ కుర్రాళ్లకి నోటితో పాడి వినిపించేవాడినని తనే చెప్పాడు. ఇంతకంటే సూటి సాక్ష్యం ఏం కావాలి. ఇక చక్ బెర్రీ 'జానీ బి గుడ్' మొదట్లో మోగే ఆ గిటార్ 1946లో జోర్డన్ రికార్డులో కార్ల్ హోగన్ వాయించినదే, కంట్రీది కాదు.

చర్చిగిటార్:
ఇంతసేపూ మగవాళ్లేనా? సిస్టర్ రొజెటా థార్ప్ 'స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే' 1944లో రికార్డయింది. ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని భక్తి పాట పాడి 1945లో రేస్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. ఆ గిటార్ సోలో విని కూడా మీరు 1947 దగ్గర గీత గీస్తే ఎలాగండీ? ఆమెని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకుంది 2018లో, చనిపోయి 45 ఏళ్లయ్యాక. బిగ్ మామా థార్న్‌టన్ 'హౌండ్ డాగ్' 1953లో ఏడు వారాలు నంబర్ వన్, ఇప్పుడు ఎవర్ని అడిగినా ఎల్విస్ పాట అంటారు.

పాతరికార్డులు:
చర్చిగిటార్ గారూ, గిటార్ విషయంలో మీదే గెలుపు, ఆమె ముందు 'రాకెట్ 88' గిటార్ కూడా వెనకే. నేను 1947 దగ్గర ఆగింది డ్రమ్స్, చప్పట్ల వల్ల. ఆమె రికార్డులో కింద నడిచేది ఇంకా బూగీ వూగీ (పాత పియానో బ్లూస్) లయే, రెండు-నాలుగు మీద ఆ గట్టి దెబ్బ లేదు. నాకు రాక్ అండ్ రోల్ అంటే ముందు ఆ దెబ్బ, తర్వాతే గిటార్.

ఎల్విస్ అన్నవాళ్లకి ఒక్క ముక్క: 1954 జులైలో పాడిన 'దట్స్ ఆల్ రైట్'లో అసలు డ్రమ్సే లేవు, అది ఆర్థర్ క్రూడప్ 1946లో రికార్డ్ చేసిన పాట. క్రూడప్‌కి రావాల్సిన రాయల్టీ బతికుండగా సరిగ్గా అందలేదు. 'మేబెలీన్' రచయితల్లో డిస్క్ జాకీ ఆలన్ ఫ్రీడ్ పేరు కూడా వేశారు, ఒక్క మాట రాయకుండానే. ఆ పేరు తీసేసి మొత్తం హక్కు చక్ బెర్రీకి ఇచ్చేసరికి 1986 వచ్చింది. ఎవరు మొదలుపెట్టారో లేబుళ్లు చూసి తేల్చుకోలేం, వినే తేల్చుకోవాలి. నా ఓటు హారిస్ రికార్డుకే. ఫజ్‌టోన్ గారూ, రెండు 'గుడ్ రాకిన్ టునైట్'లూ విన్నాక మీ 1951 మీదే ఉంటారో లేదో రాయండి.

ఫజ్‌టోన్:
విన్నాను. హారిస్ దాంట్లో చప్పట్ల సంగతి మీరన్నట్టే ఉంది, కాదనలేను. కానీ గిటార్ మరీ వెనక ఉండిపోయింది, అందుకే నా ఓటు కిజార్ట్ స్పీకర్‌కే. రేపు 'ఫ్యాట్ మ్యాన్' విని మళ్లీ వస్తా.